సరిచేసిన గోపురం

టేవిస్ రాగిరేకును దాగలి మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద ఎక్కడ కొట్టాలో బొటనవేలితో తడిమి చూస్తున్నాడు. రేకు ముఖం మీద ఒక ఊరంతా ఉంది. నీళ్ళు, తెరచాప పడవలు, కోటగోడ, గాలిమరలు, ఇళ్ళ కప్పుల వెనక, గంటగోపురాన్ని గీకేసిన చోటు. వీపు మీద ఏమీ లేదు. రెండు కాళ్ళ కొలముల్లు తీసి, ఒక కొనను కింద గోపురం చెరిపిన చోట ఆనించి, రెండో కొనతో పైన సరిగ్గా అక్కడే చిన్న గుర్తు పెట్టుకున్నాడు. అప్పుడు సుత్తి అందుకున్నాడు. గట్టి దెబ్బలు కావవి. నిద్రపోతున్న మనిషిని భుజం తట్టి లేపినట్టు ఉంటాయి.

రాగి మీద చెక్కిన గీతను గీకేస్తే అక్కడ గుంట పడుతుంది. గుంటలో సిరా నిలుస్తుంది. సిరా నిలిస్తే అచ్చులో ఆకాశం మీద మచ్చ పడుతుంది. అందుకని వెనక నుంచి తట్టి గుంటను పైకి లేపాలి. తర్వాత నూనె చుక్క వేసి నున్నటి ఉక్కు కడ్డీతో రుద్దాలి, ఆ పైన బొగ్గుతో అరగదీయాలి. అప్పటికి ఆకాశం మళ్ళీ ఆకాశమవుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ ఒడ్డున ఉన్న ఈ పటాల దుకాణంలో టేవిస్ నడివయసు దాటి ముసలితనంలోకి వచ్చింది ఈ పని చేస్తూనే.

"బాబాయ్, లేచిందా మీ గోపురం? ఇంకా పడుకునే ఉందా?" అచ్చుయంత్రం దగ్గర నుంచి బారెంట్ అరిచాడు. మోచేతుల దాకా సిరా పూసుకుని, కాగితాలు తడుపుతున్నాడు.

"పడుకోబెడుతున్నానయ్యా. నిలబెట్టినందుకేగా ఈ తిప్పలన్నీ."

"లోకంలో మనుషులు పడిపోయినవి నిలబెట్టలేక చస్తుంటే, నిలబెట్టి తిట్లు తిన్నవాణ్ణి మిమ్మల్నే చూశాను."

టేవిస్ నవ్వి, అద్దాలు ముక్కు మీదికి తోసుకున్నాడు. నవ్వాడు గాని, చెయ్యి కొద్దిగా వణికింది. పక్కనున్న గుడ్డతో తుడుచుకున్నట్టు నటించి, వణుకు ఆగేదాకా గుడ్డను పట్టుకునే ఉన్నాడు.

ఊళ్ళు కూడా బొమ్మ గీయించుకోడానికి కూర్చున్న మనుషుల్లాంటివే. ఉన్నదున్నట్టు కనపడాలంటాయి, ఉన్నదానికన్నా కాస్త బాగా కనపడాలని ఆశపడతాయి. ఈ దుకాణంలో అది అందరికీ తెలుసు. కోటగోడ విరిగి ఉంటే రేకు మీద పూడ్చేస్తారు. రేవులో రెండే పడవలుంటే మరికొన్ని తెచ్చి కడతారు. తోళ్ళు నానబెట్టి శుద్ధిచేసే చోట చెట్లు మొలిపిస్తారు. గోపురం కాస్త పొడుగు సాగుతుంది. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. అది మర్యాద. ఆ మర్యాదలు చేసేది టేవిస్.

అందుకే మేర్‌డ్రెక్ట్ రేకు తన బల్ల మీదికి వచ్చినప్పుడు అతనికి ఆ ఊరి మీద జాలేసింది. గోపురం తాగి ఇంటికొస్తున్న మనిషిలా ఒక పక్కకి ఒరిగి ఉంది. గీసినవాడి చెయ్యి జారిందేమో, లేదంటే పాపం, నిజంగానే ఒరిగిందేమో. రెండింటికీ మందు ఒకటే. ఎవరినీ అడగకుండా, తన సొంత సాయంత్రాలు ఖర్చుపెట్టి, పాత గోపురాన్ని గీకేసి, రూళ్ళకర్ర పెట్టి కొత్తది నిట్టనిలువుగా చెక్కాడు. గాలికి కూడా చలించకూడదన్నట్టు లోతుగా చెక్కాడు. అంత అందమైన గోపురం మరే ఊరికీ చెయ్యలేదనుకున్నాడు.

అచ్చులు కట్టగట్టి పంపారు. కట్ట కట్టలాగే వెనక్కొచ్చింది. తెచ్చిన పడవవాడు చెప్పమన్న మాట చెప్పి పోయాడు: "ఎవరి ఊరో మాకు పంపారు. మా ఊరు మాకు పంపండి."

ఈ పొద్దున దుకాణం యజమానురాలు అలైదా మేడ దిగివచ్చి అతని బల్ల దగ్గర నిలబడింది. భర్త పోయాక వ్యాపారం మొత్తం ఆవిడే నడుపుతోంది. కసిరే మనిషి కాదు. కసిరితే బాగుండుననిపించేలా మెల్లగా మాట్లాడుతుంది.

"టేవిస్ గారూ, ఆ ఊరి నగరసభ బంట్రోతు మధ్యాహ్నం పడవకి వస్తున్నాడు. అచ్చు చూసి సరేనంటే సరే. కాదంటే రేకు కరిగించడానికి ఇచ్చెయ్యాలి. ఇక ఆ తర్వాత మిమ్మల్ని కూర్చోబెట్టి..." అంటూ ఆగి, అతని అద్దాల వంక చూసింది. "ముందు ఇది కానివ్వండి."

చెప్పని సగం టేవిస్‌కి తెలుసు. చూపు తగ్గింది. ఎదురు వీధిలో కుర్ర చెక్కుడు పనివాళ్ళు ఉన్నారు. ఈ బల్ల పోతే, దుకాణం పైన అటకలో పడుకునే చోటూ పోతుంది. భార్య హిల్లె పోయాక అతను ఆ అటకలోకి మారాడు. పిల్లల్లేరు. ఇక మిగిలేది ముసలివాళ్ళ ధర్మశాల. అక్కడికెళితే తలుపు దగ్గరే ఏ ఊరని అడుగుతారు.

ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు చేపల బుట్టలో ఎవరో పడవ మీద వదిలేసి వెళ్ళారు. ఆ పడవ ఎన్ని రేవులు తాకి వచ్చిందో దాన్ని నడిపినవాడికే గుర్తులేదు. అనాథాశ్రమంలో పెరిగి, అక్కణ్ణుంచి నేరుగా ఈ బల్ల దగ్గరికి వచ్చాడు. హిల్లె వేళాకోళం చేసేది: "నీకు ఊరు లేకపోవడమేంటయ్యా? ఊళ్ళన్నీ వరసకట్టి నీ బల్ల మీదికే వస్తున్నాయిగా!" వచ్చాయి నిజమే. డోర్‌డ్రెక్ట్, ఎంక్‌హయిజెన్, ఇంకా ఎన్నో. అన్నిటినీ అతను తిరగేసి చూశాడు. రేకు మీద కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఎప్పుడైనా కలలో ఏ ఊరికైనా వెళితే, నది ఉండాల్సిన వైపు కాక అవతలి వైపు పారుతూ కనపడేది.

బొగ్గుతో అరగదీయడం అయింది. ఎండ కాలువ నీళ్ళ మీద పడి, అక్కణ్ణుంచి పైకప్పు మీదికెక్కి ఆడుతోంది. మబ్బు పట్టే రోజుల్లో ఇలాంటి వెలుతురు ఒక పూట దొరకడం మాటలు కాదు. టేవిస్ రేకును ఆ వెలుతురులోకి తిప్పి, సన్నటి ఉలి అరచేతిలో ఒదిగించుకున్నాడు. బొమ్మలో గోపురం కుడికి ఒరగాలి. కాబట్టి రాగి మీద ఎడమకి. చేతి అద్దంలో ఒకసారి చూసుకుని మొదలుపెట్టాడు. రాగి పోగులు పోగులుగా లేచి, చుట్టలు చుట్టుకుని రాలింది. చెక్కేటప్పుడు చెయ్యి వణకలేదు. ఖాళీగా ఉన్నప్పుడే వణుకుతుందది.

మధ్యలో బారెంట్ వచ్చి, రొట్టెముక్క, జున్ను బల్ల అంచున పెట్టి, అతను చూడకుండానే వెళ్ళిపోయాడు. రొట్టె గట్టి అంచు తీసేసి ఉంది. టేవిస్ పళ్ళ సంగతి వాడికి తెలుసు.

పని పూర్తయ్యాక రేకుకు సిరా పట్టించి, అరచేత్తో తుడిచి, ఏటవాలుగా పట్టుకుని చూశాడు. అప్పుడు కనపడింది. ఒరిగిన గోపురం పక్కనే, తను నిట్టనిలువుగా నిలబెట్టిన గోపురం. పూర్తిగా పోలేదు. లోతుగా చెక్కిన గీతల అడుగు ఎక్కడో మిగిలి, సన్నగా, వెంట్రుకల్లా సిరా పట్టుకుంది. మళ్ళీ గీకాలి. మళ్ళీ తట్టాలి. మళ్ళీ రుద్దాలి. కాని గీకడానికి అక్కడ రాగి పలచబడిపోయింది. ఇంకొంచెం గీకితే రేకు చిల్లుపడుతుంది.

టేవిస్ రేకును బల్ల మీద పెట్టేశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. అదే సమయానికి వీధి తలుపు తోసుకుని, చలిగాలిని వెంటబెట్టుకుని, ఒక భారీ మనిషి లోపలికొచ్చాడు. తడిసిన అంగీ, ఛాతీ మీద వెండి బిళ్ళ. బిళ్ళ మీద చిన్న గోపురం, అదీ వంకరే.

"ఏడీ ఆ మహానుభావుడు?" అన్నాడు వచ్చినవాడు, టోపీ తీయకుండానే. "మా గోపురాన్ని తిన్నగా నిలబెట్టినాయన? తాతల కాలం నుంచి మేస్త్రీలందరూ చేతులెత్తేసిన పని చేశాడాయన. ఒక్కసారి కళ్ళారా చూడనివ్వండి!"

బారెంట్ ఫక్కున నవ్వి, నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. అలైదా మెట్లు దిగుతోంది. టేవిస్ లేవబోయాడు. "నేనేనండి."

"అయ్యో, లేవకండి పెద్దాయనా. మీరు లేస్తే అదీ మళ్ళీ లేచి నిలబడుతుందేమో!" ఆయన పేరు సైమెన్. మేర్‌డ్రెక్ట్ బంట్రోతు ఆయనే. ఎదుటి బల్ల మీద కూలబడి, అడక్కుండానే మొదలుపెట్టాడు. "ఏం చెప్పమంటారమ్మా. మీ కాగితాలొచ్చిన రోజు నగరసభలో పెద్దలందరూ చుట్టూ చేరారు. ఒకాయన అటు తిప్పి చూశాడు, ఒకాయన ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా తిన్నగానే ఉంది. ఇంటికి తీసుకెళ్ళి మా అమ్మకి చూపించాను. ఆవిడకి గుమ్మం కనపడదు, నేను కనపడను. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, 'ఇదెవరి ఊరురా, ఊరొదిలి పారిపోయి వచ్చిందా?' అంది."

"మర్యాద కోసమని..." అన్నాడు టేవిస్.

"మర్యాదేనండీ, తెలుసు. కాని చూడండి, పక్క ఊరివాళ్ళు మమ్మల్ని వంకరోళ్ళంటారు. ఆ మాటతోనే పెరిగాం. మా రొట్టెలవాడు పండక్కి వంకర రొట్టెలు చేస్తాడు. మా పిల్లలు గోపురం బొమ్మ గీస్తే వంకరగానే గీస్తారు. ఇప్పుడు ఉన్నట్టుండి తిన్నగా అయిపోతే, మేం ఎవరమండీ?"

అలైదా బారెంట్‌కి సైగ చేసింది. బారెంట్ రేకును యంత్రం మీద పెట్టి, తడి కాగితం పరిచి, పైన కంబళి కప్పాడు. చక్రం కడ్డీలు పట్టుకుని, కాలు తన్నిపెట్టి తిప్పాడు. యంత్రం మూలిగింది. ఆ మూలుగు టేవిస్ ఎన్నోసార్లు విన్నాడు. ఇవాళ అది తన ఎముకల్లోంచి వస్తున్నట్టుంది.

కాగితాన్ని మూలలు పట్టుకుని మెల్లగా ఒలిచాడు బారెంట్. సైమెన్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. వేలు గాలిలోనే ఊరంతా తిరిగింది. చేపల బజారు, గాలిమర, నీళ్ళద్వారం. వేలు గోపురం దగ్గరికొచ్చి ఆగింది. పక్కకు కొంచెం జరిగి, మళ్ళీ ఆగింది.

టేవిస్ ఉండబట్టలేకపోయాడు. "అది నేను చెరిపిందేనండి. ముందు లోతుగా చెక్కేశాను. ఎంత గీకినా ఆ కాస్త పోలేదు. ఇంక గీకితే రేకు ఆగదు. నా కళ్ళు కూడా..."

అలైదా మెట్ల కమ్మీ పట్టుకుంది. సైమెన్ తలతిప్పి, కాగితం వంక కాదు, టేవిస్ చేతుల వంక చూశాడు. గోళ్ళలో బొగ్గు, వేళ్ళ సందుల్లో నూనె. ఖాళీగా ఉన్నాయి గనుక వణుకుతున్నాయి. టేవిస్ వాటిని ఒళ్ళో కప్పుకున్న తోలుగుడ్డ కిందికి లాక్కున్నాడు.

సైమెన్ మళ్ళీ కాగితం వైపు తిరిగాడు. మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"చెరపకండి," అన్నాడు. "కట్టిన కొత్తలో తిన్నగానే ఉండేదంటారు. పైకి గంట ఎక్కించాకే నేల కుంగి ఒరిగిందట. ఆ తిన్నటి గోపురం చూసినవాడు ఇవాళ ఊళ్ళో ఒక్కడూ లేడు. ఇదిగో, ఇక్కడుంది. పొద్దున్నే మంచులో కనపడినట్టు." కాగితాన్ని చేతి దూరంలో పట్టుకున్నాడు. "ఇటు మా తాతల ఊరు, ఇటు మా ఊరు. రెండూ ఉండనివ్వండి."

అది నిజంగా ఊళ్ళో చెప్పుకునే మాటో, ఆ నిమిషంలో ఆయనకి తోచిన మాటో ఎవరూ అడగలేదు.

"అంటే... నచ్చినట్టేనా?" అంది అలైదా.

"నచ్చడం సంగతి తర్వాతమ్మా. కాసేపు చూసేసరికి మెడ పట్టేస్తోంది. ఇంక అనుమానమేముంది, మా ఊరే!"

బారెంట్ చక్రం కడ్డీ మీద గట్టిగా చరిచాడు. అలైదా అంతసేపూ పట్టుకున్న మెట్ల కమ్మీ వదిలేసి, చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, అదేదో ముందే అనుకున్న మాటలా, "టేవిస్ గారూ, జుట్‌ఫెన్ రేకు ఎల్లుండి మొదలెట్టండి. నిదానంగా చెయ్యండి, తొందరేం లేదు," అంది. టేవిస్ తలూపాడు. తోలుగుడ్డ కింది నుంచి చేతులు తీసి చూసుకున్నాడు. వణుకుతూనే ఉన్నాయి. ఇప్పుడు వాటిని దాచాలనిపించలేదు.

కాగితం ఆరేదాకా సైమెన్ బీరు తాగుతూ కూర్చున్నాడు. "ఇంతకీ పెద్దాయనా, మా ఊరెప్పుడైనా వచ్చారా?"

"లేదు బాబూ."

"పోనీ పక్క ఊళ్ళకైనా?"

"ఏ ఊరూ చూళ్ళేదు. ఈ కాలువ వంతెన దాటింది కూడా తక్కువే."

సైమెన్ గ్లాసు కింద పెట్టేశాడు. "చూడని గోపురాన్నా మీరు నిలబెట్టింది! ఇది మాత్రం కుదరదు. లేవండి. సాయంత్రం పడవకి నాతో రండి. రాత్రికి మా ఇంట్లో పడుకుని, రేపు మధ్యాహ్నం పడవకి తిరిగొచ్చేద్దురు గాని. మా ఆవిడ బఠాణీ పులుసు కాస్తుంది. అది మాత్రం వంకరగా ఉండదు."

టేవిస్ అలవాటు కొద్దీ యజమానురాలి వంక చూశాడు.

"వెళ్ళిరండి," అంది అలైదా. "బల్ల ఎక్కడికీ పోదు."

పడవను లాగే గుర్రం ఒడ్డు మీద నడుస్తుంటే, తాడు బిగిసి, పడవ చప్పుడు లేకుండా కదిలింది. కిటికీ పక్కన చోటిచ్చారు టేవిస్‌కి. పచ్చిక మీద ఆవులు, గాలిమరలు, పొయ్యిల పొగ. రాగి మీద ఇవన్నీ ఎన్నిసార్లు చెక్కాడో. ఆవులకి వాసనుంటుందని మాత్రం అనుకోలేదు.

సైమెన్ ఊరుకోలేదు. "ఏమర్రా, మన గోపురాన్ని నిలబెట్టిందెవరో తెలుసా? ఈయనే!" అని పడవంతా వినపడేలా చెప్పాడు. గుడ్లమ్ముకుని ఇంటికెళుతున్న ఒకావిడ తలెత్తింది. "నిజమా తాతా? అయితే ఒకసారి మా ఇంటికి కూడా వచ్చిపోదురూ. మా ఆయన రోజూ సారాకొట్టు నుంచి వంగే వస్తాడు, నిలబెట్టలేక నా నడుం పోతోంది!" పడవంతా నవ్వింది. టేవిస్ కూడా నవ్వాడు. గుర్తులేనంత కాలంగా అంత నవ్వు నవ్వలేదు. ఆవిడ బుట్టలోంచి ఒక బేరిపండు తీసి, మెత్తగా ఉందో లేదో నొక్కి చూసి, అతని చేతిలో పెట్టింది.

కాలువ వంపు తిరిగింది. దిగబోతున్న ఎండలో, కప్పుల మీదుగా, కుడికి ఒరిగి గోపురం. బొమ్మలోలాగే కుడికి. ఇన్నాళ్ళూ ఎడమకి చూసిన కళ్ళకి అది కొంచెం కొత్తగా ఉంది. పండు సగం కొరికి, నమలడం మరిచిపోయి చూశాడు టేవిస్. నేను చెక్కినదానికన్నా ఇంకాస్త ఒరిగిందనుకున్నాడు. దానికి తనేమీ చెయ్యనక్కర్లేదనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఎంతో హాయి ఉంది.

సైమెన్ భార్య ఫ్రౌకె పులుసు వడ్డించింది. పొయ్యి పక్కన కూర్చున్న ముసలితల్లి, కొత్త గొంతు వినపడగానే అటు తిరిగింది. "ఏ ఊరు నాయనా మీది?"

చెంచా గిన్నెలో ఆగింది. "నాకు ఊరు లేదమ్మా."

"లేదంటే ఎట్లా? మా ఇంట్లో కూర్చుని లేదంటావేం?" అని కసిరింది ఆవిడ. "చల్లారిపోతోంది, తిను ముందు."

అతను తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. గోడలో అమర్చిన పడకలో దుప్పట్లు పరిచి, కిటికీ వేసెయ్యమంటారా అని ఫ్రౌకె అడిగితే, ఉండనివ్వమన్నాడు. పడుకుంటే గోపురం కనిపిస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం పడవకి సైమెన్ ఒక్కడే దిగాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది. దుకాణంలో అందరూ పని ఆపారు. ఫ్రౌకె పొద్దున్న పాలు వెచ్చబెట్టి టేవిస్‌ని లేపడానికి వెళ్ళిందట, లేవలేదట. దిండు మీద తల కిటికీ వైపు తిరిగి ఉందట. ముఖంలో కష్టమేదీ లేదన్నాడు సైమెన్, నిద్ర చెదరలేదు అన్నాడు. గోపురం నీడపడే వైపు, ఊరివాళ్ళను పాతిపెట్టే చోటే పాతిపెడుతున్నారు. ఏ ఊరివాడని ఎవరూ అడగలేదు. పడవలో కలిసిన గుడ్లావిడ పొద్దున్నే వచ్చి కూర్చుంది, కదలనంటోంది.

"సాయంత్రం పడవ ఉంది," అన్నాడు మెల్లగా. "మీరూ వస్తారని..."

అలైదా శాలువా కోసం మేడెక్కింది. బారెంట్ చేతులు కడుక్కుని, యంత్రం మీద కంబళి కప్పి, టేవిస్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. దుకాణం వదిలి వెళ్ళేముందు నిప్పు ఆర్పాలి గనుక వంగాడు. మధ్యాహ్నానికి టేవిస్ వచ్చేస్తాడు, పడవలో కాళ్ళు చల్లబడిపోయి ఉంటాయని, అతని స్టూలు కిందికి తనే నిప్పులు పోసి తోసి ఉంచిన కాళ్ళకుంపటి, చెక్కమూత రంధ్రాల్లోంచి ఇంకా వెచ్చగా ఊపిరి వదులుతోంది.